కోచ్ కావాలా, మెంటర్ చాలా, సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళాలా? ఫీజు కట్టే ముందు తేల్చుకోవాల్సిన సంగతులు

ఇది ఎంసెట్ కోచింగ్ గురించో, అమీర్‌పేటలో నేర్పే పైథాన్ గురించో కాదు. ఉద్యోగంలో ముందుకు కదల్లేకో, సొంత జీవితంలో ఒక నిర్ణయం ఎటూ తేలకో, గంటకు ఇంత అని ఇచ్చి ఒక మనిషితో కూర్చుని మాట్లాడతారే, ఆ కోచింగ్ గురించి. లైఫ్ కోచ్, కెరీర్ కోచ్, లీడర్‌షిప్ కోచ్, ఎగ్జిక్యూటివ్ కోచ్ అని పేర్లు చాలా ఉన్నాయి. లింక్డిన్‌లోనూ ఇన్‌స్టాలోనూ వీళ్ళకి కొదవ లేదు.

మన దేశంలో కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయి ఉండాలి. సైకియాట్రిస్ట్ అయితే ఎంబీబీఎస్ తర్వాత పీజీ చేసిన డాక్టర్. కోచ్‌కి అలాంటి నిబంధనేదీ లేదు. శని, ఆదివారాలు ఒక వర్క్‌షాప్‌లో కూర్చుని సోమవారం నుంచి కోచ్ అయిపోయినా అడిగేవాడు లేడు. అలాగని అందరినీ ఒకే గాటన కట్టలేం. ఏళ్ళ తరబడి సాధన చేసి, ఎదుటి మనిషికి నిజంగా పనికొచ్చేవాళ్ళూ ఉన్నారు. ఎవరు ఎవరో పనితనంలో తెలుస్తుంది. ఆ పనితనం ఎలా ఉంటుందో ముందే తెలిస్తే మొదటి అరగంటలోనే పట్టుకోవచ్చు. అంతకంటే ముందు, మీకు కావాల్సింది అసలు కోచేనా అన్నది తేలాలి.

ఒకే సమస్య, నలుగురి దగ్గర

ఒక ఉదాహరణ అనుకుందాం. మాదాపూర్‌లో ఐటీ కంపెనీ. పదేళ్ళుగా బాగా కోడ్ రాస్తున్న ఒకావిడకు టీమ్ లీడ్‌గా ప్రమోషన్ వచ్చింది. కింద ఆరుగురు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆవిడ మాట ఇదీ: "చెప్పిన పని చెప్పినట్టు ఎవరూ చేయట్లేదండీ. వాళ్ళకి మళ్ళీ చెప్పే బదులు నేనే చేసేయడం తేలిక. రోజూ రాత్రి పదకొండవుతోంది."

ట్రైనర్ దగ్గరికి వెళ్తే పని ఎలా అప్పగించాలో, ఫీడ్‌బ్యాక్ ఎలా ఇవ్వాలో రెండు రోజుల్లో నేర్పి పంపిస్తాడు. మెంటర్ దగ్గర, అంటే ఇదే దారిలో తనకంటే ముందు నడిచిన సీనియర్ దగ్గర, "నాకూ మొదట్లో ఇలాగే ఉండేదమ్మా, నేనేం చేశానంటే..." అని మొదలవుతుంది. సైకాలజిస్ట్ అడిగేవి వేరు: నిద్ర పడుతోందా, ఆకలి ఎలా ఉంది, ఈ టెన్షన్ ఆఫీసులోనేనా ఇంట్లో కూడానా, ఎప్పటినుంచి ఇలా ఉంది? కోచ్ అయితే ఇలా పోతాడు: "నిన్న రాత్రి మీరు చేసిన పని ఏది? అది ఎవరు చేయాల్సింది? వాళ్ళకే వదిలేసి ఉంటే ఇవాళ పొద్దున ఏమయ్యేది?" ఆవిడ కాసేపు ఆగి, "పెద్దగా ఏమీ అయ్యేది కాదేమో. ఒకరోజు లేటయ్యేది. కానీ మా మేనేజర్ ముందు నా పేరు పోతుంది కదా..." అంటుంది. విషయం అక్కడుంది. పని అప్పగించడం ఆవిడకు వచ్చు. పేరు పోతుందన్న భయమే చేయనివ్వడం లేదు. రెండు రోజుల ట్రైనింగ్ ఇంకో రెండుసార్లు ఇప్పించినా ఆ భయం అలాగే ఉంటుంది.

కాబట్టి ఎవరి దగ్గరికి వెళ్ళాలన్నది మీకు ఏది తక్కువైందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎలా చేయాలో తెలియకపోతే ట్రైనర్. ఎటు వెళ్ళాలో, ఆ దారిలో ఏముంటుందో తెలియకపోతే మెంటర్. తెలుసు, చేతనవును, అయినా అడుగు పడటం లేదంటే అప్పుడు కోచ్. రోజు గడవడమే కష్టంగా ఉంటే సైకాలజిస్టో సైకియాట్రిస్టో.

నన్నడిగితే, కోచ్ కోసం వెతికేవాళ్ళలో చాలామందికి నిజంగా కావాల్సింది మెంటర్. టెస్టింగ్‌లో ఎనిమిదేళ్ళు చేసి డేటా ఇంజినీరింగ్ వైపు మారాలనుకునే అబ్బాయి ఉన్నాడనుకోండి. అతని ప్రశ్నలన్నీ నేలమీద ఉండేవే: ఏ కోర్సు పనికొస్తుంది, జీతం ఎంత తగ్గుతుంది, పాత అనుభవాన్ని ఎవరైనా లెక్కలోకి తీసుకుంటారా? వీటికి జవాబు తెలిసిన మనిషి కావాలి. కోచ్ ఎంత చక్కటి ప్రశ్న వేసినా, తెలియని సమాచారం మనలోంచి పుట్టుకురాదు. పైగా మెంటర్ చాలాసార్లు డబ్బు తీసుకోడు. పాత కంపెనీలో టీమ్ లీడ్, కాలేజీలో రెండేళ్ళ సీనియర్, బంధువుల్లో ఆ రంగంలో ఉన్న అన్నయ్యో అక్కో, ఎవరో ఒకరు ఉంటారు. కంపెనీ పెట్టాలనుకునేవాళ్ళకు హైదరాబాద్‌లో 2015లో మొదలైన టీ-హబ్, ఆడవాళ్ళకు ప్రత్యేకంగా 2018లో వచ్చిన వీ-హబ్ నడిపే ప్రోగ్రాముల్లో మెంటర్లు దొరుకుతారు. మెంటర్‌తో ఒకటే ఇబ్బంది. తనకు కలిసొచ్చిందే నీకూ కలిసొస్తుందని గట్టిగా నమ్ముతాడు. ఆయన పదిహేనేళ్ళ కిందట ఎక్కిన బస్సు ఇప్పుడు ఆ రూట్లో తిరగకపోవచ్చు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఇంకో మాట. హెచ్-1బి మీద ఉండగా ఉద్యోగం పోతే, కొత్త ఉద్యోగమో స్టేటస్ మార్పో చూసుకోవడానికి మామూలుగా దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు, దాని గడువు అంతకంటే ముందే అయిపోతే ఆ తేదీ వరకే. ఆ రెండు నెలల్లో "మీ జీవిత లక్ష్యం ఏమిటి" అనే కోచ్ మీద పెట్టే ప్రతి డాలరూ ముందు ఇమిగ్రేషన్ లాయర్ మీద పెట్టాలి. రెజ్యూమె సంగతి, రిఫరల్స్ సంగతి స్నేహితులు చూస్తారు. కోచ్ అవసరం ఉంటే ఆ గండం గట్టెక్కాక.

కోచ్ దగ్గరికి వెళ్ళకూడని సమయం

రెండు వారాలకు మించి ఏ పని మీదా మనసు పోకపోవడం, నిద్ర పట్టకపోవడం లేదా లేవబుద్ధి కాకపోవడం, ఇదివరకు ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి చచ్చిపోవడం, ఎందుకీ బతుకు అన్న ఆలోచన రావడం. వీటిలో ఏది ఉన్నా కోచ్ కోసం వెతకడం ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. చావు ఆలోచన వస్తే రెండు వారాలు కూడా ఆగొద్దు, ఆ రోజే. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. ఏ టైంలోనైనా చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రభుత్వ ఆసుపత్రులంటే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో మానసిక వైద్యశాల అందరికీ తెలిసినవే. "ఎర్రగడ్డ" అన్న పేరు మన సినిమాల్లో జోకు అయిపోవడం వల్ల ఎంతమంది అటు వెళ్ళడానికి సిగ్గుపడి, దాని బదులు లైఫ్ కోచ్‌కి వేలకు వేలు కట్టారో అని నాకో అనుమానం.

మంచి కోచ్‌కి ఈ గీత ఎక్కడుందో తెలుసు. "ఇది నేను చూసే పని కాదండీ, ముందు డాక్టర్‌ని కలవండి" అని చెప్పి, తనకు రావాల్సిన ఫీజు వదులుకుంటాడు. డిప్రెషన్‌ని మూడు సెషన్లలో తీసేస్తానని, చిన్ననాటి గాయాలు ఒక్క వీకెండ్‌లో మాన్పుతానని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. అతని దగ్గర ఎన్ని సర్టిఫికెట్లు ఉన్నా సరే.

గోపీచంద్ లాంటి కోచ్ కావాలంటే

కోచ్ అనగానే మన కళ్ళముందు మెదిలేది పుల్లెల గోపీచంద్. 2016 రియో ఒలింపిక్స్‌లో పి.వి.సింధు రజతం గెలిచాక ఆయన చెప్పిన ఒక సంగతి గుర్తుండే ఉంటుంది: అంతకు ముందు మూడు నెలలు ఆమె దగ్గర ఫోన్ లేదు. ఇక ఇచ్చేస్తానన్నాడు. చాలామంది లైఫ్ కోచ్ నుంచి కోరుకునేది ఇదే. ఎవరో ఒకరు వచ్చి ఫోన్ లాక్కోవాలి, పొద్దున్నే లేపాలి, చేయకపోతే తిట్టాలి. ఆటలో అది చెల్లుతుంది. ఎందుకంటే గోపీచంద్ స్వయంగా 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచినవాడు, ఏ షాట్ ఎప్పుడు కొట్టాలో ఆటగాడి కన్నా ఆయనకు ఎక్కువ తెలుసు, రోజూ గచ్చిబౌలి అకాడమీలో కళ్ళముందే ఉంటాడు. మీ ఉద్యోగం గురించి, మీ అత్తగారింటి గురించి మీ కన్నా ఎక్కువ తెలిసిన కోచ్ ఎవరూ ఉండరు. వారానికి ఒక గంట కనిపించే మనిషి ఫోన్ లాక్కోలేడు. లాక్కుంటానన్నా నమ్మకండి.

గోపీచంద్ లాంటి కోచ్‌కీ, కూర్చుని ప్రశ్నలడిగే కోచ్‌కీ మధ్యలో ఇంకో రకం ఉంది, మన దగ్గర ఎవరూ పెద్దగా పట్టించుకోరు. బోస్టన్ సర్జన్ అతుల్ గవాండే సంగతి చూడండి. ఎనిమిదేళ్ళ అనుభవం వచ్చాక తన పనితనం ఒకచోట ఆగిపోయిందని అనిపించి, రిటైరైన తన పాత గురువును, రాబర్ట్ ఆస్టీన్ అనే సర్జన్‌ని, ఆపరేషన్ థియేటర్‌లోకి పిలిచి పక్కన నిలబడి చూడమన్నాడు. ఆ అనుభవాన్ని 2011లో ఆయనే రాశాడు. పెద్దాయన ఒక్క మాట మాట్లాడకుండా కాగితం మీద రాసుకుని తర్వాత చెప్పినవి ఎంత చిన్నవంటే: మోచేయి అప్పుడప్పుడు భుజం ఎత్తుకు లేస్తోంది. రోగి మీద గుడ్డ పరిచిన తీరు నీకు వీలుగా ఉంది గానీ అటు నిలబడ్డ అసిస్టెంట్‌కి చోటు లేదు. లైటు చాలాసేపు కోసిన చోట నుంచి పక్కకు జరిగిపోయి ఉంది, నువ్వు గమనించలేదు. చేస్తున్న మనిషికి ఇవి ఎప్పటికీ కనబడవు. ఎంతసేపు ప్రశ్నలు అడిగినా బయటికి రావు.

కాబట్టి మీ సమస్య చేతిపనిలోనో, నలుగురి ముందు మాట్లాడటంలోనో, క్లాసు చెప్పడంలోనో, మీటింగ్ నడపడంలోనో ఉంటే, విని ప్రశ్నలడిగే కోచ్ కన్నా చూసి చెప్పే కోచ్ మేలు. మీ మీటింగ్ రికార్డింగ్ చూస్తారా అని అడగండి, మిగతావాళ్ళ ఒప్పుకోలు తీసుకునే లెండి. చూస్తానన్నవాళ్ళకే ఎక్కువ మార్కులు. లోపల ఏదో తేలక ఆగిపోయారంటే మాత్రం వినే కోచే.

పనితనం ఎక్కడ తెలుస్తుంది

ఇక కోచే కావాలని తేలింది, ఇద్దరో ముగ్గురో పేర్లు చేతిలో ఉన్నాయి. చాలామంది కోచ్‌లు మొదట ఒక అరగంట ఉచితంగా మాట్లాడతారు. ముగ్గురితోనూ మాట్లాడండి. సమస్య ఒక్కటే చెప్పండి, ముగ్గురికీ అదే. అప్పుడే తేడా తెలుస్తుంది.

మొదట చూడాల్సింది ఎవరు ఎక్కువ మాట్లాడారన్నది. కాల్ అయ్యాక మీకు కోచ్ గురించి ఎక్కువ తెలిసిందా, మీ గురించి మీకేమైనా కొత్తగా తెలిసిందా? ఆయన ట్రైనింగ్ ఇచ్చిన కంపెనీల పేర్లు, ఆయన కష్టాల కథ, ఆయన సొంత ఏడు మెట్ల పద్ధతి ఇవే గుర్తుంటే అది అమ్మకం. అరగంటలో ఇరవై నిమిషాలు మీరు మాట్లాడి ఉండాలి.

వినడం అంటే తల ఊపడం అనుకుంటాం. కోచ్ వినేది వేరేలా ఉంటుంది. "టీమ్ బాగానే ఉందండీ, కొత్త మేనేజర్ కూడా... మంచివాడే" అని మీరన్నారనుకోండి. మామూలుగా వినేవాళ్ళకు మేనేజర్ మంచివాడని అర్థమవుతుంది. పని తెలిసిన కోచ్ "కూడా అన్నాక కాస్త ఆగారు. అక్కడేమైనా ఉందా?" అంటాడు. ఉంటే చెప్తారు, లేకపోతే లేదంటారు. ఆ ఒక్క ప్రశ్నతో అతను మాటలతో పాటు మాట్లాడిన తీరును కూడా వింటున్నాడని తెలిసిపోతుంది.

ప్రశ్న వేయడం దాని తర్వాతి మెట్టు. "ఎందుకు చేయలేదు?" అని అడిగితే మనకు ఆరో తరగతి లెక్కల మాస్టారు గుర్తొస్తాడు, వెంటనే సాకు చెప్తాం. అదే "ఏం అడ్డొచ్చింది?" అంటే ఆలోచిస్తాం. ఇంకో రకం ప్రశ్న మరీ మోసం: "మీరు వాళ్ళతో ఓపెన్‌గా మాట్లాడితే బాగుంటుందని అనిపించట్లేదా?" ఇది సలహా, చివర ప్రశ్నార్థకం తగిలించారంతే. ఇలాంటివి ఒకదాని వెంట ఒకటి వస్తుంటే మీరు మెంటర్‌కి కోచ్ రేటు కడుతున్నట్టు.

తాగుడు మానిపించే చికిత్సల్లోంచి 1980ల్లో పుట్టిన ఒక పద్ధతి ఉంది. విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్నిక్ అనే ఇద్దరు మానసిక శాస్త్రజ్ఞులు దాన్ని తయారుచేశారు. తెలుగులో చెప్పాలంటే దాని సారం ఇంతే: మారాలి అన్న మాట డాక్టర్ నోట్లోంచి వస్తే రోగి నోట్లోంచి "నిజమే, కానీ..." వస్తుంది. ఎంత గట్టిగా చెప్తే ఎదుటివాడు అంత గట్టిగా వెనక్కి లాగుతాడు. ఇంట్లో మొగుడి చేత సిగరెట్ మాన్పించాలని చూసిన ఏ ఇల్లాలికైనా ఇది తెలుసు. అందుకే నేర్పరి అయిన కోచ్ తను ఒప్పించడు. మారితే ఏం లాభమో మీ నోటితోనే చెప్పించి, మీరు చెప్పిందే మళ్ళీ మీకు వినిపిస్తాడు.

ఆ తర్వాత మౌనం. ఫోన్లో మూడు సెకన్లు చప్పుడు లేకపోతే "హలో, వినిపిస్తోందా?" అనేస్తాం మనం. కష్టమైన ప్రశ్న అడిగి, ఎదుటివాళ్ళు ఆలోచిస్తుంటే నోరు మెదపకుండా కూర్చోవడం నేర్చుకుంటే తప్ప రాదు. ఆ ఖాళీని కోచ్ తన మాటలతో నింపేస్తే మీ జవాబు లోపలే ఉండిపోతుంది.

మన దగ్గర పనిచేసే కోచ్‌కి ఉండాల్సిన నేర్పు ఇంకొకటి ఉంది. సెషన్ చివర "మరి ఈ వారం మేనేజర్‌తో మాట్లాడతారా?" అంటే మనవాళ్ళు "చూస్తానండీ", "ట్రై చేస్తాను సార్" అంటారు. అది కాదనడమే, మర్యాదగా. పని తెలియని కోచ్ సంతోషంగా నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. తెలిసినవాడు నవ్వి "చూస్తానంటే చేయరేమో అనిపిస్తోంది. ఏ రోజు మాట్లాడతారు? మొదటి వాక్యం ఏమంటారు? నాతో ఒకసారి అనండి" అంటాడు. "మీరెలా చెప్తే అలాగే సార్" అనే మాటనూ అలాగే వెనక్కి ఇస్తాడు. సారు చెప్పారు కాబట్టి చేస్తే, పని చెడినప్పుడు తప్పు సారుది అవుతుందని ఇద్దరికీ తెలుసు.

ఇంటి విషయానికొస్తే, "మా నాన్న ఒప్పుకోరు" అనగానే "ఇది మీ జీవితం, నిర్ణయం మీదే" అనే కోచ్‌లు ఉన్నారు. వినడానికి బాగుంటుంది. ఇంటికెళ్ళాక భోజనాల దగ్గర పనికిరాదు. నాన్నగారి మాటను తీసి పక్కన పెట్టాల్సిన అడ్డంకిగా చూసేవాళ్ళ కన్నా, "ఆయన భయం ఏమిటి? ఎంతవరకు ఒప్పుకోవచ్చు? ఈ విషయం ఆయనతో ముందు ఎవరు ఎత్తితే బాగుంటుంది, అమ్మా, బాబాయా?" అని అడిగేవాళ్ళు మన ఇళ్ళు తెలిసినవాళ్ళు.

ఇవన్నీ ఉండి కూడా కొందరు కోచ్‌లు మెత్తగా ఉండిపోతారు. "మూడు సెషన్లుగా ఇదే చెప్తున్నారు, పని మాత్రం జరగలేదు. మనిద్దరం దేన్నో తప్పించుకుంటున్నామా?" అని మొహం మీద అడగలేరు. డబ్బిచ్చే మనిషిని నొప్పించడం తేలిక కాదు మరి. ఆ ఉచిత అరగంటలో మీతో ఒక్క విషయంలోనైనా ఒప్పుకోని కోచ్ ఉంటే, కాస్త చిరాకు వేసినా, నేనైతే అతని పేరు పక్కన టిక్ పెడతాను.

చివరి పరీక్ష ఒప్పందం. "మూడు నెలల తర్వాత ఏం మారితే ఈ డబ్బు దండగ కాలేదనుకుంటారు?" అని కోచ్ మొదటి రోజే అడగాలి. అడిగి వదిలేయకుండా మీ జవాబును పట్టుకోవాలి. "కాన్ఫిడెన్స్ రావాలి" అంటే సరిపోదు. ఎక్కడ, ఎవరి ముందు, ఏం చేసినప్పుడు వచ్చిందనుకోవాలి? "నెలవారీ రివ్యూలో నా టీమ్ లెక్కలు నేనే చెప్పాలి, వేరేవాళ్ళతో చెప్పించకూడదు" అన్నంత దగ్గరికి తీసుకురావాలి. ఇదొక్కటి చేయకపోతే మిగతా నేర్పులన్నీ ఉన్నా, ఆరు సెషన్లయ్యాక "బాగా మాట్లాడుకున్నాం" అన్న తృప్తి తప్ప చేతికి ఏమీ రాదు.

సర్టిఫికెట్‌కి ఎంత విలువ ఇవ్వాలి

కొంత ఇవ్వాలి. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్, అందరూ ఐసీఎఫ్ అంటారు, 1995లో అమెరికాలో మొదలైంది. ప్రపంచంలో ఎక్కువమంది గుర్తించేది దాన్నే. అందులో మూడు మెట్లున్నాయి. ఏసీసీ అంటే కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటలు కోచింగ్ చేసిన అనుభవం. పీసీసీకి 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం. ఎంసీసీకి 200 గంటలు, 2,500 గంటలు, అదీ ముందు పీసీసీ వచ్చి ఉంటేనే. పరీక్ష ఉంటుంది, మూడేళ్ళకోసారి రెన్యువల్ ఉంటుంది. యూరప్ వైపు ఈఎంసీసీ అని మరో సంస్థ ఉంది, అదీ నమ్మదగిందే.

ఈ అంకెలతో తెలిసేది ఒకటే: ఈ మనిషి ఎన్ని గంటలు ఇతరుల ముందు కూర్చున్నాడు. మీకు సరిపడతాడా అన్నది అందులో ఉండదు. ఏసీసీ ఉన్న కోచ్, పీసీసీ ఉన్న కోచ్ ఇద్దరూ ఉచిత అరగంటలో సమానంగా అనిపిస్తే, పీసీసీకి రెట్టింపు ఇవ్వాల్సిన అవసరం నాకు కనబడదు. "ఐసీఎఫ్ సర్టిఫైడ్" అని ఉంటే మాత్రం ఒకటి చూడండి. ఐసీఎఫ్ గుర్తించిన కోర్సు పూర్తిచేయడం వేరు, ఐసీఎఫ్ ఇచ్చే ఆ మూడింటిలో ఒకటి చేతిలో ఉండటం వేరు. రెండోది ఉంటే ఐసీఎఫ్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు.

ఎన్‌ఎల్‌పీ (మాటల తీరుతో మనసు తీరు మారుస్తామనే పద్ధతి) మాస్టర్ ప్రాక్టీషనర్, గ్రాఫాలజీ (చేతిరాత చూసి స్వభావం చెప్పడం), మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్, సబ్‌కాన్షస్ రీప్రోగ్రామింగ్ వగైరాలు ప్రొఫైల్ నిండా ఉంటే నేను పక్కకు తప్పుకుంటాను. మోటివేషనల్ స్పీకర్ సంగతీ అంతే. హాల్లో చప్పట్లు కొట్టించడం గొప్ప కళే, కానీ ఒక్క మనిషి ఎదురుగా నోరు మూసుకుని కూర్చోవడానికి కావాల్సిన కళ దానికి పూర్తిగా వ్యతిరేకం.

మీరే కోచ్ అవుదామనుకుంటుంటే, వీకెండ్ కోర్సు కన్నా 60 గంటల కోర్సు ఎంచుకోండి. అందులోనూ మీ సెషన్ రికార్డింగ్ విని తప్పులు చెప్పేవాళ్ళు ఉన్నది చూసుకోండి. థియరీ ఇంటర్నెట్ నిండా ఉంది.

కంపెనీ డబ్బా, సొంత డబ్బా

కంపెనీ కోచ్‌ని పెట్టిస్తే ఖర్చు మీది కాదు, సరే. కానీ అక్కడ ముగ్గురుంటారు: మీరు, కోచ్, డబ్బు కట్టే హెచ్‌ఆర్. మొదటి సెషన్‌కి ముందే ముగ్గురూ కూర్చుని ఏది బయటికి వెళ్తుంది, ఏది వెళ్ళదు అని రాసుకోవాలి. సాధారణంగా లక్ష్యాలు, ఎన్ని సెషన్లు జరిగాయన్నది హెచ్‌ఆర్‌కి తెలుస్తాయి. మాటలు తెలియకూడదు. ఈ సంగతి కోచ్ తనంతట తాను ఎత్తకపోతే మీరే ఎత్తండి. తేలేదాకా ఉద్యోగం మారే ఆలోచన లాంటివి ఆ గదిలో మాట్లాడకండి. ఉద్యోగం మారాలా వద్దా అన్నదే మీ సమస్య అయితే సొంత డబ్బుతో బయటి కోచ్‌ని చూసుకోవడమే మంచిది.

మేనేజరే కోచ్‌లా ఉండటం ఇప్పుడు పెద్ద కంపెనీల మాట. గూగుల్ తన మేనేజర్లను పరిశీలించి మంచి మేనేజర్ లక్షణాల్లో మొదటిది మంచి కోచ్ కావడమే అని తేల్చింది. సత్య నాదెళ్ళ వచ్చాక మైక్రోసాఫ్ట్ కూడా మేనేజర్లు చేయాల్సిన మూడు పనుల్లో కోచింగ్ ఒకటని రాసి పెట్టుకుంది. పనికి సంబంధించినంత వరకు మేనేజర్ కోచింగ్ బాగా పనికొస్తుంది. పనిని రోజూ చూస్తాడు కాబట్టి ఒక విధంగా బయటివాళ్ళ కన్నా మేలు. అయితే మీ అప్రైజల్ రాసేదీ ఆయనే. మీ భయాలన్నీ ఆయన ముందు పరచడానికి ఆయన ఎంత మంచివాడైనా సరిపోదు.

భాష, ఫీజు, మొహమాటం

ఆఫీసు విషయాలు ఇంగ్లీషులో బాగానే వస్తాయి. అమ్మానాన్నల సంగతి, డబ్బు సంగతి, అవమానం సంగతి ఇంగ్లీషులో చెప్తే ఎవరో వేరేవాళ్ళ గురించి చెప్తున్నట్టు ఉంటుంది. తెలుగు, ఇంగ్లీషు కలిపి మాట్లాడుకోగలిగే కోచ్ దొరికితే కొంచెం అనుభవం తక్కువైనా నేను అటే మొగ్గుతాను. ఆన్‌లైనా, ఎదురుగానా అన్నది పెద్ద విషయం కాదు. తలుపు వేసుకోగలిగే గది ఇంట్లో లేకపోతే మాత్రం ఎదురుగానే.

ఫీజుల్లో ఒక పద్ధతంటూ లేదు, కాబట్టి మొత్తం లెక్క అడగాలి. సెషన్‌కి 3,000 చొప్పున ఆరు సెషన్లంటే 18,000 అనుకుంటాం. జీఎస్టీ 18 శాతం కలిస్తే 21,240. జీఎస్టీ వసూలు చేస్తే బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉండాలి. ఏడాదికి 20 లక్షల లోపు వచ్చే కోచ్‌కి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు ఆ పన్ను వసూలు చేయడానికి వీల్లేదు. "ఈ రాత్రి పన్నెండు లోపు కడితే సగం ధర" అనే ఏడాది ప్యాకేజీలు, నో-కాస్ట్ ఈఎంఐలు ఏ సమస్యతో వెళ్ళినా వద్దు. మూడు సెషన్లకు కట్టండి, తర్వాత చూడండి. మధ్యలో మానేస్తే మిగిలిన డబ్బు ఎలా ఇస్తారో వాట్సాప్‌లోనైనా రాయించుకోండి.

మూడో సెషన్ అయ్యాక కూడా మొదటి రోజు అనుకున్న దాంట్లో ఏమీ కదలకపోతే మానేయాలి. ఇక్కడే మనకు మొహమాటం అడ్డొస్తుంది. "ఆయన మంచాయన, ఫీలవుతారేమో" అని ఇంకో మూడు సెషన్లు లాగిస్తాం, లేకపోతే ఫోన్ ఎత్తడం మానేస్తాం. ఇలా ఒక మెసేజ్ పెడితే చాలు: "నమస్తే అండీ. మొదటి రోజు అనుకున్న విషయంలో నాకు మార్పు కనిపించలేదు. ఇక్కడితో ఆపుదామనుకుంటున్నాను. మిగిలిన సెషన్ల డబ్బు మనం అనుకున్నట్టే పంపించండి." సరైన కోచ్ దీనికి నొచ్చుకోడు, ఏం పని చేయలేదో అడుగుతాడు, తెలిసిన ఇంకో పేరు కూడా చెప్తాడు. డబ్బు ఇవ్వనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. మీరు కట్టింది 5 లక్షల లోపైతే దానికి ఫీజు కూడా లేదు.